ఇంటర్నేషనల్ కమ్యూనికేషన్‌తో పాటు ఫ్రెంచ్: డిగ్రీలో రెండూ నిలబెట్టుకునే పద్ధతి

ఇంటర్నేషనల్ కమ్యూనికేషన్‌తో పాటు ఫ్రెంచ్ తీసుకున్నవాళ్లు, తీసుకోవాలనుకుంటున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు ముఖ్యంగా రెండు. అక్షరం ముక్క రాకుండా మొదలుపెడితే అందుకోగలమా? మొదటి ఏడాది బాగానే నడిచిన ఫ్రెంచ్ రెండో ఏడాదికి ఎందుకు చేజారిపోతోంది?

మొదటిదానికి జవాబు, అందుకోగలరు. రెండోదానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు, చదివే తీరు. కమ్యూనికేషన్ పేపర్లకు వారంలో రెండుసార్లు గట్టిగా కూర్చుంటే సరిపోతుంది. ఫ్రెంచ్‌కు అలా కుదరదు, రోజూ కొంచెం పెట్టాలి. ఈ తేడా పట్టించుకోకుండా రెండింటినీ పరీక్షల ముందు ఒకేలా చదివేవాళ్లే మధ్యలో జారిపోతారు. రెండో పొరపాటు, ఒకదానికొకటి సంబంధం లేనట్టు చదవడం. కమ్యూనికేషన్ పాఠాన్నే ఫ్రెంచ్ సాధనకు ముడిసరుకుగా వాడుకుంటే శ్రమ చాలా కలిసొస్తుంది. ఐదో భాగంలో ఆ పద్ధతి ఉంది. ఓపిక తక్కువగా ఉంటే ముందు అదే చదవండి.

ఇక్కడ ఫ్రెంచ్ మాటలను దగ్గరి ఉచ్చారణతో తెలుగు లిపిలో ఇచ్చాను. అరసున్న (ఁ) ఉన్నచోట ముక్కుతో పలకాలి. మీ నోట్‌బుక్‌లో మాత్రం అసలు స్పెల్లింగే రాసుకోండి. ఎందుకో మూడో భాగంలో చెబుతాను.

1. చేరేముందు కోర్సు వివరాలు ఇలా చదవండి

ఒకే పేరున్న రెండు కోర్సులు లోపల చాలా వేరుగా ఉండొచ్చు. ఇంగ్లిష్‌లో నడిచే యూనివర్సిటీల్లో రెండు సబ్జెక్టుల పేర్ల మధ్య 'అండ్' ఉంటే మామూలుగా రెండింటిదీ సమాన వాటా. 'విత్' ఉంటే ముందున్నదే ప్రధానం, వెనకున్నది చిన్న వాటా. పేరు చూసి ఆగిపోకుండా ఏ ఏడాది ఎన్ని క్రెడిట్లు ఏ సబ్జెక్టుకు ఉన్నాయో లెక్క కట్టండి. యూరప్ క్రెడిట్ల విధానంలో ఏడాదికి 60 క్రెడిట్లు. అందులో ఫ్రెంచ్‌కు 10 మాత్రమే ఉంటే ఆ కోర్సు మిమ్మల్ని ఫ్రెంచ్‌లో పనిచేసే స్థాయికి తనంతట తాను తీసుకెళ్లదు.

అడగాల్సినవి:

- సున్నా నుంచి మొదలుపెట్టేవాళ్లకు వేరే సెక్షన్ ఉందా, స్కూల్లో చదివినవాళ్లతో కలిపి కూర్చోబెడతారా?
- వారానికి భాషా క్లాసు ఎన్ని గంటలు? అందులో మాట్లాడించే క్లాసు ఎంత?
- ఫ్రెంచ్ క్రెడిట్లన్నీ భాషకేనా, సాహిత్యం, సినిమా పేపర్లు కూడా అందులోనే కలిపారా?
- కమ్యూనికేషన్ పేపర్లలో ఫ్రెంచ్‌లో బోధించేవి ఉన్నాయా? ఏ ఏడాది నుంచి?
- విదేశీ సెమిస్టర్ తప్పనిసరా? దానికి ఏ స్థాయి అడుగుతారు?
- ఫ్రెంచ్‌లో తప్పితే ఏడాది మొత్తం ఆగిపోతుందా?
- డిగ్రీ చివరికి ఏ స్థాయికి చేరుస్తామని కాగితం మీద రాశారు?

చివరి ప్రశ్నకు వెబ్‌సైట్‌లో జవాబు కనిపించకపోతే డిపార్ట్‌మెంట్‌కు మెయిల్ పెట్టి అడగండి. మొహమాటపడాల్సిన పని లేదు.

2. మీ స్థాయి, మీ గంటల లెక్క

కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన కొలమానంలో ఆరు మెట్లున్నాయి: ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2. ఫ్రెంచ్‌లో లెక్చర్ విని నోట్సు రాసుకోవాలంటే బీ2 కావాలి. వ్యాసాలు, నివేదికలు ధైర్యంగా రాయాలంటే సీ1.

సున్నా నుంచి బీ2కు సుమారు 550 నుంచి 650 గంటలు పడతాయని భాషా సంస్థలు సాధారణంగా చెబుతాయి. ఇప్పుడు మీ కోర్సు లెక్క వేయండి. వారానికి 5 గంటల క్లాసు, సెమిస్టర్‌కు 13 వారాలు అనుకుందాం. ఏడాదికి 130 గంటలు, రెండేళ్లకు 260. మూడో ఏడాది విదేశీ సెమిస్టర్ ఉంటే అప్పటికి మీకు 600 గంటలు పూర్తయి ఉండాలి. లోటు 340 గంటలు. రెండేళ్ల మీద పరిస్తే రోజుకు 28 నిమిషాలు.

రోజుకు అరగంట అని నేను పట్టుబట్టేది ఈ లెక్కతోనే. ఒక్క క్లాసు కూడా మానని విద్యార్థి కూడా ఆ అరగంట లేకపోతే బీ1 చేరకముందే ఆగిపోతాడు.

సున్నా నుంచి మొదలైనవాళ్లకు అందుకోదగిన గమ్యాలు:

- మొదటి ఏడాది చివరికి ఏ2 గట్టిపడాలి
- రెండో ఏడాది చివరికి బీ1 దాటి బీ2 అంచుకు రావాలి
- విదేశీ సెమిస్టర్ తర్వాత బీ2 నిలబడి సీ1 వైపు అడుగు పడాలి

స్కూల్లో ఫ్రెంచ్ చదివినవాళ్లు తమ స్థాయిని ఎక్కువగా ఊహించుకుంటారు. మార్కులు వచ్చింది వ్యాకరణం ఖాళీలు నింపినందుకు. రేడియో ఫ్రాన్స్ ఎంతెర్నాసియొనాల్, అంటే ఆర్‌ఎఫ్‌ఐ, సులభమైన ఫ్రెంచ్‌లో 10 నిమిషాల రోజువారీ వార్తలు ఇస్తుంది. పాఠం చూడకుండా ఒకసారి విని ఐదు విషయాలు చెప్పగలిగితే వినడంలో మీరు బీ1 దగ్గర ఉన్నారని నేను లెక్కగడతాను. చెప్పలేకపోతే కింది సెక్షన్‌లో కూర్చోవడమే మేలు. అక్కడ కూర్చున్నందుకు ఎవరూ నష్టపోలేదు.

3. క్లాసులు మొదలయ్యే ముందు ఆరు వారాలు: ముందు చెవి, తర్వాత నోరు, ఆపైనే వ్యాకరణం

చాలామంది క్రియల పట్టికలతో మొదలుపెడతారు. అది తలకిందుల పని. శబ్దం పట్టుబడకముందే స్పెల్లింగ్ చూసి చదివితే ఇంగ్లిష్ ఉచ్చారణ అంటుకుంటుంది, తర్వాత వదిలించుకోవడం చాలా కష్టం.

తెలుగువాళ్లకు ఇక్కడ కొన్ని సౌకర్యాలున్నాయి, వాడుకోండి. ఫ్రెంచ్ 'త', 'ద'లు మన త, ద లాగే నాలుక పళ్లకు తగిలించి పలికేవి. ఇంగ్లిష్ అలవాటుతో 'ట', 'డ' అనకండి. క, ప కూడా మనలాగే గాలి వదలకుండా పలుకుతారు. మాటల మధ్య 'లియేజోఁ' అని ఒకటుంది: 'లే', 'అమీ' కలిస్తే 'లేజమీ' అవుతుంది. సంధి తెలిసిన మనకు ఇది వింత కాదు. నువ్వు, మీరు తేడా కూడా మనకు పుట్టుకతో వచ్చిందే. అక్కడ అది 'త్యూ', 'వూ'.

కష్టపడాల్సిన చోట్లు, వాటికి మందు:

- 'త్యూ'లో అచ్చు: నోటి లోపల 'ఈ' అంటూ, పెదవులు మాత్రం 'ఊ'కు పెట్టినట్టు గుండ్రంగా పెట్టండి. దీన్ని 'తూ' అంటే 'నువ్వు' కాస్తా 'అంతా' అయిపోతుంది.
- ముక్కు అచ్చులు: 'వాఁ' అంటే గాలి, 'వోఁ' అంటే వాళ్లు వెళ్తారు, 'వేఁ' అంటే ద్రాక్ష సారా. చివర 'న్' చేర్చడం మన అలవాటు. పలుకుతున్నప్పుడు నాలుక పైకి లేచి అంగిట్లో తగిలిందంటే 'న్' చేరినట్టే. కింద ఉంచండి.
- మాట చివర 'ఉ' చేర్చడం: మనది అచ్చుతో ముగిసే భాష కాబట్టి 'అవెక్'ను 'అవెక్కు' అంటాం. మీ గొంతు రికార్డు చేసుకుని వింటేనే ఇది తెలుస్తుంది.
- 'ర': నాలుక కొసతో కాదు, గొంతు వెనక నుంచి, మెల్లగా పుక్కిలించినట్టు.
- 'నేను' అనే 'జ'లోని హల్లు: 'ష' అంటూ గొంతు మోగించండి. మన జ కాదు.

ఇప్పుడు లిపి సంగతి. 'పార్ల్' అని తెలుగులో రాసుకుంటే, మాట్లాడతాను, మాట్లాడతావు, వాళ్లు మాట్లాడతారు అనే మూడు వేర్వేరు స్పెల్లింగులు ఒకే ముద్దగా మారిపోతాయి. నేను మొదటి సెమిస్టర్ అంతా అలాగే రాసుకున్నాను. విన్నది అర్థమయ్యేది, పరీక్షలో రాయాల్సి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. ఆ నోట్సు మళ్లీ రాసుకోవడానికి సెలవులన్నీ పట్టాయి. మీరు మొదటిరోజు నుంచే అసలు లిపిలో రాయండి, పక్కన ఆడియో పెట్టుకోండి.

ఈ ఆరు వారాల్లో ఇంకో మూడు పనులు. ఫోన్, లాప్‌టాప్‌లలో ఫ్రెంచ్ కీబోర్డు పెట్టుకోండి. అక్షరం పైన గుర్తు మరిస్తే 'ఎక్కడ' అనేది 'లేదా'గా మారిపోతుంది. సంఖ్యలు వినగానే రాయడం సాధన చేయండి. 70ని 'అరవై-పది' అని, 80ని 'నాలుగు-ఇరవైలు' అని, 90ని 'నాలుగు-ఇరవైలు-పది' అని అంటారు. బెల్జియంలో, స్విట్జర్లాండ్‌లో 70, 90లకు 'సెప్తాఁత్', 'నోనాఁత్' అనే తేలికైన మాటలున్నాయి, అవీ చెవిన పడాలి.

మూడోది లింగం. బల్లకు, పత్రికకు లింగం ఏమిటని కోప్పడకుండా మాటను ఎప్పుడూ ముందున్న ఆర్టికల్‌తో కలిపే నేర్చుకోండి. మీ సబ్జెక్టు మాటల్లో ఒక వరం ఉంది: 'సియోఁ' అని ముగిసే కొమ్యునికాసియోఁ, ఎఁఫొర్మాసియోఁ, నెగోసియాసియోఁ లాంటివన్నీ స్త్రీలింగాలే. 'తే' అని ముగిసే భావవాచకాలు దాదాపు అన్నీ స్త్రీలింగాలు. 'ఇజ్మ్', 'మాఁ' అంత్యాలు ఎక్కువగా పుంలింగాలు. 'ఆజ్' అంత్యం కూడా పుంలింగమే కానీ 'ఇమాజ్', 'పాజ్' స్త్రీలింగాలు. మీడియా చదివేవాళ్లు రోజూ వాడే ఆ రెండింటినీ విడిగా గుర్తుపెట్టుకోండి.

4. వారం పంచుకునే తీరు

- రోజూ పొద్దున 30 నిమిషాలు ఫ్రెంచ్: 10 నిమిషాలు వినడం, 10 నిమిషాలు పాత మాటల పునశ్చరణ, 10 నిమిషాలు పైకి చదవడం.
- వారంలో రెండు పూటలు, ఒక్కోటి రెండున్నర గంటలు కమ్యూనికేషన్: చదవాల్సిన అధ్యాయాలు, నోట్సు, అసైన్‌మెంట్లు.
- శనివారం గంటన్నర ఉమ్మడి పని, కింద ఐదో భాగంలో ఉంది.
- ఆదివారం 20 నిమిషాలు: వారంలో దిద్దిన తప్పులు మళ్లీ చూడటం.

పరీక్షల వారంలో కూడా ఆ ముప్పై నిమిషాలు పూర్తిగా మానకండి, పదికి తగ్గించండి. మాటల పునశ్చరణకు ఆంకీ లాంటి కార్డుల యాప్ చాలు. రోజుకు కొత్త మాటలు పది మించొద్దు. ఉత్సాహంగా నలభై చేర్చుకున్నవాళ్లు మూడో వారానికి వందల కార్డులు పేరుకుపోయి టెన్షన్ పడి యాప్ తెరవడమే మానేస్తారు.

5. ఉమ్మడి పని: ఒకే విషయం, రెండు భాషలు

ఈ గైడ్‌లో ఒక్కటే పాటించాలనుకుంటే ఇది పాటించండి.

ఐక్యరాజ్యసమితికి ఆరు అధికార భాషలున్నా, సచివాలయం పనిచేసే భాషలు రెండే: ఇంగ్లిష్, ఫ్రెంచ్. అంతర్జాతీయ న్యాయస్థానం అధికార భాషలూ ఈ రెండే. అంటే మీరు కమ్యూనికేషన్‌లో చదివే తీర్మానాలు, ప్రకటనలు, నివేదికలు ఎన్నో రెండు భాషల్లోనూ ఉచితంగా దొరుకుతాయి. ఇంత మంచి పాఠ్యపుస్తకం ఎవరూ రాసివ్వలేరు.

శనివారం గంటన్నర ఇలా వాడండి:

మొదట, ఆ వారం కమ్యూనికేషన్ క్లాసులో చెప్పిన విషయం ఒకటి తీసుకోండి. శరణార్థులపై మీడియా భాష కావచ్చు, ఆరోగ్య ప్రచారం కావచ్చు, తప్పుడు సమాచారం కావచ్చు.

తర్వాత, ఐక్యరాజ్యసమితి వార్తల ఫ్రెంచ్ పేజీలో దాని మీద చిన్న వార్త ఒకటి వెతకండి. ఇంగ్లిష్‌ది చూడకుండా ఫ్రెంచ్‌దే రెండుసార్లు చదవండి. తెలియని ప్రతి మాటకూ నిఘంటువు తెరవకండి. వార్త అర్థం కాకుండా అడ్డుపడే ఐదారు మాటలే వెతకండి.

ఇప్పుడు అదే సంఘటనపై ఇంగ్లిష్ వార్త తీయండి. చాలాసార్లు ఇది అచ్చు అనువాదంగా ఉండదు. మొదటి వాక్యంలో ఎవరిని ముందుపెట్టారు? ఏ సంఖ్య ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేదు? ఎవరి మాటలు ఉటంకించారు? ఈ పోలికే మీ కమ్యూనికేషన్ అసైన్‌మెంట్‌కు పనికొచ్చే విశ్లేషణ.

ఆ తర్వాత నోట్‌బుక్‌లో మూడు నిలువు వరుసలు: ఫ్రెంచ్ పదబంధం, ఇంగ్లిష్‌ది, తెలుగులో మీ వివరణ. ఒంటరి మాటలు కాదు, పదబంధాలు రాయండి. అధికారిక పదం మీద సందేహం వస్తే ఐక్యరాజ్యసమితి పదకోశం అన్‌టర్మ్‌లోనూ, యూరప్ యూనియన్ పదకోశం ఇయాటేలోనూ చూడండి. మామూలు నిఘంటువులకంటే ఇవి మీకు దగ్గర.

చివరగా, పాఠాలన్నీ మూసేసి ఆ వార్తను ఫ్రెంచ్‌లో ఐదు వాక్యాల్లో రాయండి. ఏ2లో ఉన్నవాళ్లు మూడు వాక్యాలు రాసినా చాలు.

మొదటి నెలలోనే నోట్‌బుక్‌లోకి రావాల్సిన వృత్తి మాటలు కొన్ని:

- పోర్త్-పరోల్: అధికార ప్రతినిధి
- కొమ్యునికే ద ప్రెస్: పత్రికా ప్రకటన
- పార్తీ ప్రనాఁత్: ఆ విషయంతో సంబంధం ఉన్న పక్షాలు
- ప్లెద్వాయే: ఒక లక్ష్యం కోసం గట్టిగా వాదించి ఒప్పించే ప్రయత్నం
- ఎలెమాఁ ద లాఁగాజ్: ప్రతినిధులందరూ ఒకేలా చెప్పడానికి ముందే తయారుచేసిన మాటలు
- లాఁగ్ ద బ్వా: ఏదీ తేల్చకుండా నడిపే అధికారిక భాష. అక్షరాలా 'కర్ర నాలుక'

సంస్థల పొట్టిపేర్లు కూడా తారుమారవుతాయి. యూఎన్ అక్కడ ఓఎన్‌యూ, నాటో అక్కడ ఓతాఁ, డబ్ల్యూహెచ్‌ఓ అక్కడ ఓఎంఎస్, ఎన్‌జీఓ అక్కడ ఓఎన్‌జీ. ఇవి తెలియకపోతే వినేటప్పుడు మొత్తం వాక్యమే చేజారిపోతుంది.

మీడియా సిద్ధాంతం పేపర్ ఉన్నవాళ్లకు ఇంకో సూచన. ప్రపంచ సమాచార ప్రవాహంలో అసమానతలపై యునెస్కో కోసం మెక్‌బ్రైడ్ కమిషన్ 1980లో ఇచ్చిన నివేదిక రెండు భాషల్లోనూ ఉంది. ఎలాగూ ఏదో ఒక సెమిస్టర్‌లో చదవాల్సిందే. రెండో ఏడాదిలో దాంట్లో ఒక్క అధ్యాయమైనా ఫ్రెంచ్‌లో చదవండి.

6. వార్తా ఫ్రెంచ్‌లో పప్పులో కాలేసే చోట్లు

ఇక్కడ తప్పు జరిగితే మార్కు పోవడంతో ఆగదు, వార్తే తప్పవుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ధ్రువపడని వార్త. 'ల మినిస్త్ర్ ఒరే దెమిసియొనే' అన్న వాక్యాన్ని ఇంగ్లిష్ వ్యాకరణంతో చూస్తే 'మంత్రి రాజీనామా చేసి ఉండేవాడు' అనిపిస్తుంది. అది తప్పు. మన పత్రికలు రాసే 'మంత్రి రాజీనామా చేసినట్టు సమాచారం' అన్నదే దాని అర్థం. ఫ్రెంచ్ జర్నలిజంలో కండిషనల్ క్రియారూపం వాడారంటే 'మేం ఇంకా నిర్ధారించలేదు' అని చెబుతున్నారు. దీన్ని జరిగిపోయినట్టు రాస్తే పుకారును నిజం చేసినవాళ్లం అవుతాం. ఇంగ్లిష్ మీదుగా వెళ్లకుండా నేరుగా తెలుగు 'చేసినట్టు సమాచారం'తో జతకట్టుకోండి, ఎప్పటికీ మర్చిపోరు.

పెద్ద అంకెలు. ఫ్రెంచ్‌లో 'మిలియార్' అంటే 100 కోట్లు, అంటే ఇంగ్లిష్ బిలియన్. ఫ్రెంచ్ 'బిలియోఁ' అంటే లక్ష కోట్లు. ఒక్క మాట తేడాతో వెయ్యి రెట్లు మారుతుంది. కోట్లలోకి మార్చుకుని సరిచూడటం మనకు తేలిక.

దశాంశం. అక్కడ మూడున్నరను 3,5 అని కామాతో రాస్తారు. వేలను విడదీయడానికి ఖాళీ వదులుతారు. వారికి 1,500 అంటే ఒకటిన్నర.

ఉజ్జాయింపులు. 'యూన్ సాఁతేన్' అంటే సరిగ్గా వంద కాదు, వంద దాకా. 'కేఁజ్ జూర్' అక్షరాలా పదిహేను రోజులు, అర్థం మాత్రం రెండు వారాలు. 'యువీ జూర్' అంటే ఎనిమిది రోజులని కనిపిస్తుంది కానీ వారం.

ఇంగ్లిష్ ముఖంతో వచ్చే మాటలు. వీటికి విడిగా ఒక పేజీ పెట్టండి:

- ఆక్త్యుయెల్‌మాఁ: 'నిజానికి' కాదు, 'ప్రస్తుతం'
- ఎవాఁత్యుయెల్‌మాఁ: 'చివరికి' కాదు, 'అవసరమైతే, వీలైతే'
- ప్రెతాఁద్ర్: 'నటించడం' కాదు, 'అని వాదించడం'
- దెమాఁదే: 'డిమాండ్ చేయడం' కాదు, మామూలుగా 'అడగడం'
- దెసెప్సియోఁ: 'మోసం' కాదు, 'నిరాశ'
- అసిస్తే ఆ: 'సాయం చేయడం' కాదు, 'హాజరవడం'

దౌత్య వార్తల్లో 'అడిగింది' అన్నచోట 'డిమాండ్ చేసింది' అని రాస్తే ఎంత తేడానో చెప్పక్కర్లేదు.

విరామ చిహ్నాలు కూడా చూసుకోండి. ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం, కోలన్, సెమీకోలన్ ముందు ఖాళీ వదులుతారు. ఉటంకింపుకు కోణాల గుర్తులు వాడతారు. నెలల పేర్లు, వారాల పేర్లు చిన్న అక్షరంతోనే మొదలవుతాయి.

7. ఫ్రెంచ్‌లో వ్యాసం రాసే క్రమం

కమ్యూనికేషన్ పేపర్లలో ఇంగ్లిష్ వ్యాసం అలవాటైనవాళ్లు మొదటి పేరాలోనే తమ అభిప్రాయం చెప్పేస్తారు. ఫ్రెంచ్ పద్ధతిలో ముందు ప్రశ్నను నిలబెట్టాలి. దాన్ని 'ప్రొబ్లెమాతిక్' అంటారు. ఆ ప్రశ్న బలహీనంగా ఉంటే వ్యాసం ఎంత బాగున్నా మార్కులు రావు.

ఈ వరుసలో వెళ్లండి:

1. అంశాన్ని రెండు వైపులా లాగే ఒక ప్రశ్నగా మార్చండి. 'సోషల్ మీడియా, దౌత్యం' అన్నది అంశం. 'సోషల్ మీడియా దౌత్యాన్ని ప్రజలకు దగ్గర చేసిందా, ప్రదర్శనగా మార్చిందా?' అన్నది ప్రశ్న.
2. పేజీకి రెండు వైపులా వాదనలు, ఒక్కోదానికి ఒక ఉదాహరణ రాయండి. ఇది కూడా ఫ్రెంచ్‌లోనే, విరిగిన వాక్యాలైనా ఫర్వాలేదు.
3. రెండు లేదా మూడు భాగాల ప్రణాళిక వేయండి.
4. ఉపోద్ఘాతం మూడు మెట్లు: ఎత్తుగడ, ప్రశ్న, భాగాల ప్రకటన.
5. ప్రతి పేరాకు ఒకే ఆలోచన. మొదట్లో సంధాన పదం: 'దాబోర్' (మొదటగా), 'సెర్త్... మే' (నిజమే... కానీ), 'ఆఁ రెవాఁష్' (మరోవైపు చూస్తే), 'పార్ కోఁసెకాఁ' (అందువల్ల).
6. చివర పది నిమిషాలు దిద్దడానికే. మొదట లింగం, వచనం, ఆ తర్వాత క్రియాంతాలు, చివర్న గుర్తులు. మూడింటినీ ఒకేసారి వెతికితే ఒక్కటీ కనబడదు.

అందరూ చేసే తప్పు, మొత్తం ఇంగ్లిష్‌లో రాసి ఫ్రెంచ్‌లోకి మార్చడం. మీ ఇంగ్లిష్ వాక్యం సీ1, మీ ఫ్రెంచ్ బీ1 అయినప్పుడు ఆ వాక్యం దాటదు, మధ్యలో విరుగుతుంది. మీకు వచ్చిన ఫ్రెంచ్‌లోనే ఆలోచనను చిన్నది చేసుకోండి. పొడుగాటి వాక్యం ఒకటి బదులు చిన్నవి మూడు రాయండి.

8. మాట్లాడటం

క్లాసులో 'ఎక్స్‌పోజే' అనే పది, పదిహేను నిమిషాల ప్రసంగం తప్పదు. పూర్తి వాక్యాలు రాసుకుని చదవొద్దు. ఒక కార్డు మీద ప్రణాళిక, సంఖ్యలు, సంధాన పదాలు మాత్రమే ఉండాలి. మూడుసార్లు పైకి చెప్పండి, మూడోసారి రికార్డు చేయండి. వినేటప్పుడు ఒక్క లోపమే వెతకండి: ఈసారి ముక్కు అచ్చులు, వచ్చేసారి వాక్యం చివర స్వరం.

అధ్యాపకులతో, ఇంటర్న్‌షిప్‌లో, మెయిళ్లలో 'వూ' అనే అనండి. అవతలివాళ్లు 'త్యూ' అందాం అనేదాకా ఆగండి. మనం మీరు నుంచి నువ్వుకు ఎప్పుడు మారతామో ఆ జాగ్రత్తే ఇక్కడా.

మాట్లాడటానికి ఎవరూ లేరని చాలామంది బాధపడతారు. యూనివర్సిటీలో మీ భాషో ఇంగ్లిషో నేర్చుకోవాలనుకునే ఫ్రెంచ్ మాట్లాడే విద్యార్థి ఉంటే భాష మార్పిడి కుదుర్చుకోండి. అరగంట ఫ్రెంచ్, అరగంట మీ భాష, గడియారం చూసి మారండి. గడియారం లేకపోతే బాగా వచ్చిన భాషలోకే ఇద్దరూ జారిపోతారు. వాళ్లు సెనెగల్ నుంచో, కెనడాలోని క్యూబెక్ నుంచో వస్తే ఇంకా మంచిది. అంతర్జాతీయ రంగంలో పనిచేసేవాళ్లు పారిస్ యాస ఒక్కటే విని ఊరుకోకూడదు.

9. విదేశీ సెమిస్టర్

బీ1 లేకుండా వెళ్తే తోటి విదేశీ విద్యార్థులతో ఇంగ్లిష్‌లో గడిచిపోతుంది. వెళ్లే ముందు చూసుకోవాల్సినవి:

- అక్కడ తీసుకునే పేపర్లు ఇక్కడ క్రెడిట్లుగా లెక్కకొస్తాయని రాతపూర్వకంగా ఉందా?
- కనీసం రెండు కమ్యూనికేషన్ పేపర్లు ఫ్రెంచ్‌లో ఉన్నాయా?
- మార్కులు ఎలా మారుస్తారు? ఫ్రాన్స్‌లో 20కి వేస్తారు, 10 వస్తే పాస్. 14 చాలా మంచి మార్కు, చూసి కంగారుపడకండి.
- కమ్యూనికేషన్ అక్కడ ఏ విభాగంలో ఉంది? ఫ్రాన్స్‌లో దాన్ని 'సమాచార, సంప్రదింపుల శాస్త్రాలు' అన్న పేరు కింద చదువుతారు. మీరు వెతికే పేరు కనబడకపోవచ్చు.

మొదటి రెండు వారాలు లెక్చర్ సగమే అర్థమవుతుంది. తోటి విద్యార్థి నోట్సు అడిగి తీసుకుని ఆ రోజు సాయంత్రమే మీదాంతో పోల్చుకోండి. మూడో వారానికి చెవి దారిలో పడుతుంది.

10. సర్టిఫికెట్ ఏది, ఎప్పుడు

ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చే ఫ్రెంచ్ భాషా డిప్లొమాలు రెండు: డెల్ఫ్ ఏ1 నుంచి బీ2 వరకు, దాల్ఫ్ సీ1, సీ2కు. ఈ డిప్లొమాలకు కాలపరిమితి లేదు. టీసీఎఫ్, టెఫ్ అనే స్థాయి పరీక్షల ఫలితాలు రెండేళ్లే చెల్లుతాయి. వీసాకో ప్రవేశానికో వెంటనే కావాలంటే అవి, జీవితకాలం బయోడేటాలో ఉండాలంటే డెల్ఫ్.

డెల్ఫ్ బీ2లో నాలుగు భాగాలు, ఒక్కోటి 25 మార్కులు. మొత్తం 100కి 50 రావాలి, ఏ భాగంలోనూ 5కు తగ్గకూడదు. రాతలో గంటలో 250 పదాల వాదన. మాటలో 30 నిమిషాలు తయారై సుమారు 20 నిమిషాలు మాట్లాడాలి. ఏడు, ఎనిమిది భాగాల్లో చెప్పింది చేస్తూ వస్తే ఇది కొత్తగా అనిపించదు. రెండో ఏడాది చివర్లోనో విదేశీ సెమిస్టర్ కాగానే వెంటనో రాయండి. వచ్చి ఆరు నెలలు ఆగితే పదును తగ్గుతుంది.

11. దారి తప్పినప్పుడు

బీ1 దగ్గర నెలల తరబడి కదలిక లేకపోతే: మీరు విద్యార్థుల కోసం తయారుచేసిన పాఠాలే ఇంకా వింటున్నారు. ఫ్రెంచ్ టీవీ ఛానల్ టీవీ5మోంద్ నేర్చుకునేవాళ్ల కోసం ఇచ్చే అభ్యాసాలు బీ2 వరకు వాడుకోండి, కానీ వారంలో మూడు రోజులు అసలు వార్తలకే మారండి. ఒకే విషయాన్ని నెలంతా వినండి. ఆ విషయం మాటలు తిరిగి తిరిగి వచ్చి పట్టుబడతాయి.

రెండు సబ్జెక్టుల గడువులు ఒకే వారం పడితే: సెమిస్టర్ మొదటి రోజే రెండు డిపార్ట్‌మెంట్ల తేదీలు ఒకే క్యాలెండర్‌లో వేయండి. ఒకరి తేదీలు ఇంకొకరికి తెలియవు. ఢీకొన్న తేదీ కనబడితే నెల ముందే అడగండి, ముందు రోజు కాదు.

అనువాద యాప్ మీద ఆధారపడుతుంటే: ముందు మీరు రాయండి, తర్వాత యాప్ ఇచ్చిందాంతో పోల్చండి, తేడా ఎందుకొచ్చిందో నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాయండి. కాపీ చేసి అతికించిన వారం మీ ఫ్రెంచ్‌కు లెక్కలోకి రాదు. పైగా కొన్ని కోర్సుల్లో అది నిబంధనల ఉల్లంఘన కూడా, మీ డిపార్ట్‌మెంట్ నియమం చూసుకోండి.

మూడు వారాలు పూర్తిగా వదిలేసి ఉంటే: పోయినదంతా ఒకేసారి అందుకోవాలని చూడకండి. మొదటి వారం రోజుకు 15 నిమిషాలు పాత కార్డులు, కొత్తవి వద్దు. రెండో వారం దానికి పది నిమిషాల వినడం కలపండి. మూడో వారం క్లాసులో తప్పిపోయిన వ్యాకరణ అంశాల్లో ముందు పాఠాలకు పునాది అయిన ఒక్కదాన్ని అధ్యాపకులను అడిగి తెలుసుకుని అదే చదవండి. ఆ శనివారం ఒక చిన్న వార్తతో ఉమ్మడి పని మళ్లీ మొదలుపెట్టి, నాలుగో వారం నుంచి మామూలు టైమ్‌టేబుల్‌లోకి రండి.